బూటు కరిస్తే కాలిదా తప్పు?

కిందటి నెల ఈ శీర్షికలో తెల్లవారుజామున పరుగెత్తడం గురించి రాస్తే చాలా ఉత్తరాలొచ్చాయి. పరుగు ఎలా మొదలుపెట్టాలని అడిగినవాళ్లు తక్కువ, ఏ బూట్లు కొనాలని అడిగినవాళ్లు ఎక్కువ. నేను ముప్పై ఒక్క ఏళ్లు విజయనగరం జిల్లా పల్లె బడుల్లో డ్రిల్లు మాస్టారుగా చేసినవాణ్ణి. మా పిల్లలు జోనల్ ఆటల పోటీలకు చెప్పులతో వచ్చి, గీత దగ్గర వాటిని విప్పేసి పరుగెత్తేవారు. నేను మాత్రం నలభై తొమ్మిదో ఏట దూరాలు పరుగెత్తడం మొదలుపెట్టాక విశాఖ బీచ్ రోడ్డు మీద మూడు గోళ్లు పోగొట్టుకుని బూట్ల సంగతి నేర్చుకున్నాను. ఆ అనుభవంతోనే ఈ జవాబులు.

*మాస్టారూ, నాకు 34 ఏళ్లు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ (21 కిలోమీటర్లు) పరుగెత్తాలని వారాంతాల్లో 14, 16 కిలోమీటర్లు చేస్తున్నాను. రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లబడ్డాయి. కాలేజీ రోజుల నుంచీ నాది 8వ సైజే. షాపులో కూడా ‘పర్‌ఫెక్ట్‌గా ఉంది సార్’ అన్నారు. బూట్లు వాడగా వాడగా సాగుతాయా?*
— హైదరాబాద్ పాఠకుడు

సాగవు బాబూ. ‘నాలుగు రోజులు తొడిగితే కాలికి అలవాటవుతుంది’ అనేది తోలు బూట్ల కాలం నాటి మాట. తోలు సాగి కాలి ఆకారానికి వస్తుంది. పరుగు బూటు పైభాగం పాలిస్టర్ జాలీ, అడుగున నురుగు (ఫోమ్). మొదటి రోజు షాపులో ఎక్కడ నొక్కిందో, పదహారో కిలోమీటరు దగ్గర అక్కడే కరుస్తుంది.

షాపులో ‘పర్‌ఫెక్ట్’ అన్నాయన మీరు నిలబడి ఉండగా చూశాడు. పరుగులో పాదం అడుగడుగునా ముందుకు జారుతుంది. గంట దాటేసరికి ఉబ్బుతుంది. మీ హైదరాబాద్ మారథాన్ దారిలో ఫ్లైఓవర్లకు కొదవలేదు. ఎక్కేటప్పుడు ఊపిరి పోతుంది, దిగేటప్పుడు గోళ్లు పోతాయి. అడుగడుక్కీ గోరు బూటు ముందు గోడకు కొట్టుకుని, కింద రక్తం గడ్డకట్టి నల్లబడుతుంది. కాబట్టి అన్నిటికంటే పొడుగు వేలికీ బూటు కొసకూ మధ్య మీ బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. పొడుగు వేలు అంటే కాలి బొటనవేలే అని అనుకోకండి. చాలామందికి రెండో వేలు పొడుగు. నాకూ అంతే. నా మూడు గోళ్లలో రెండు అవే.

ఇక మీ 8వ సైజు సంగతి. నేను ఇరవయ్యో ఏట విజయనగరంలో ఒక షాపాయన చెప్పిన 7వ నంబరునే దాదాపు ముప్పై ఏళ్లు మోశాను. పుట్టిన తేదీలా అది మారదనుకున్నాను. చివరికి గోడకు మడమ ఆనించి, కాగితం మీద నిలబడి కొలిస్తే ఎనిమిదిన్నర దగ్గర తేలింది. వయసు, బరువు పెరిగేకొద్దీ పాదం వంపు కాస్త కిందికి దిగి పాదం పొడుగవుతుంది, వెడల్పూ పెరుగుతుంది. మనం వాడే బ్రిటిష్ లెక్కలో ఒక సైజుకీ తర్వాతి సైజుకీ తేడా అంగుళంలో మూడో వంతు, సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. ఇది ఒక బార్లీ గింజ పొడుగు నుంచి పుట్టిన కొలత. (మన పాత లెక్కల్లోనూ ఎనిమిది యవల, అంటే బార్లీ గింజల, వెడల్పు ఒక అంగుళం. అది వేలి వెడల్పు, ఇప్పటి ఇంచి కాదు. గింజలతో కొలవడం అక్కడా ఇక్కడా ఉన్నదే.) అర సైజు తేడా అంటే నాలుగు మిల్లీమీటర్లు. మీ గోళ్లు పోతున్నది ఆ నాలుగింటి దగ్గరే అయి ఉండొచ్చు.

ఈసారి షాపుకు సాయంత్రం వెళ్లండి. రోజంతా నడిచాక పాదం పరుగులో ఉండే సైజుకు దగ్గరగా వస్తుంది. పరుగుకు వేసుకునే సాక్సులే తొడుక్కోండి. పూర్తిగా నూలువి వద్దు. చెమటకు తడిసి చర్మానికి అతుక్కుని బొబ్బలు తెస్తాయి. నైలాన్, పాలిస్టర్ కలిసిన పల్చటివి మేలు. బూటు లోపలి అట్టను బయటికి లాగి, నేల మీద పెట్టి, దాని మీద నిలబడండి. పాదం అట్ట అంచులు దాటి బయటికి పొర్లితే ఆ బూటు మీది కాదు. దాటకపోతే రెండు కాళ్లకూ తొడిగి, లేసులు కట్టి, షాపులో ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెత్తండి. సేల్స్ కుర్రాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

లేసు కట్టే పద్ధతి ఒకటి నేర్చుకోండి. పరుగు బూట్లలో చీలమండ దగ్గర, పైన చివర్న, ఒక అదనపు రంధ్రం ఉంటుంది. చాలామంది దాన్ని వదిలేస్తారు. లేసును అదే పక్కనున్న ఆ రంధ్రంలోకి పైనుంచి దూర్చి చిన్న ఉచ్చులా వదలండి. రెండు వైపులా అలా చేశాక, ఈ వైపు లేసును ఆ వైపు ఉచ్చులోంచి, ఆ వైపుది ఈ వైపు ఉచ్చులోంచి తీసి, కిందికి లాగి ముడేయండి. మడమ కదలదు, పాదం ముందుకు జారదు. ఫ్లైఓవర్ దిగేటప్పుడు నా పేరు తలుచుకుంటారు. గోళ్లు మాత్రం అడ్డంగా, తిన్నగా కత్తిరించండి.

*మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. నేను 9వ సైజు అని చెబితే మంచి పరుగు బూట్లు పంపాడు. ఇరుకుగా ఉన్నాయి. తిరిగి పంపడం కుదరదు. అంతకుముందు పంపిన జత ఒకటి నాలుగేళ్లుగా పెట్టెలోనే ఉంది. అది తీసి తొడిగితే రెండో రోజుకే అడుగు ఊడివచ్చింది. మోసపోయామా?*
— విశ్రాంత ఉద్యోగి, గుంటూరు

మోసమేమీ లేదండీ, మీరు చెప్పింది గుంటూరు తొమ్మిది, అబ్బాయి కొన్నది అమెరికా తొమ్మిది. మగవాళ్ల బూట్లలో అమెరికా 9 అంటే చాలా కంపెనీల్లో మన 8. కొన్నిట్లో ఎనిమిదిన్నర. మన ఇళ్లలో అమెరికా నుంచి వచ్చిన బూట్లు సగం అలమరాల్లో ఉండిపోవడానికి కారణం ఇదే. ఈసారి సైజు చెప్పకండి. ఇప్పుడు మీ కాలికి హాయిగా ఉన్న బూటులో లేసుల కింద నాలుకలా ఉండే ముక్క వెనక్కి తిప్పితే చిన్న చీటీ ఉంటుంది. అందులో యూకే, యూఎస్, యూరప్ అంకెలతోపాటు సెంటీమీటర్లు కూడా ఉంటాయి. ఆ చీటీని ఫొటో తీసి పంపండి.

రెండో జత సంగతి: ‘దాచుకుంటే కొత్తగా ఉంటాయి’ అనేది బంగారానికి చెల్లుతుంది, బూట్లకు చెల్లదు. తొడగకపోయినా జిగురు పాతబడుతుంది, నురుగు గట్టిపడుతుంది. మన ఎండాకాలం అలమరా వేడి దానికి తోడు. కారు డిక్కీలో వదిలేస్తే ఇంకా తొందరగా పోతాయి. పంపినవి వెంటనే తొడుక్కోమని మీ అబ్బాయి తరఫున నేను చెబుతున్నాను.

*నమస్కారం మాస్టారూ. నాకు 41. ఇద్దరు పిల్లల తల్లిని. మా రాజమండ్రిలో పుష్కర ఘాట్ వైపు రోజూ ఆరేడు కిలోమీటర్లు పరుగెడతాను. ఏ బూటు కొన్నా చిటికెన వేలి దగ్గర కరుస్తుంది. చిన్నప్పుడు చెప్పుల్లేకుండా తిరిగిన కాళ్లు కదా, వెడల్పుగా ఉంటాయి. సైజు పెంచితే మడమ వదులు. మగవాళ్ల బూట్లు కొనుక్కోమంటున్నాడు మా అబ్బాయి. వెటకారమో, సలహానో తెలియడం లేదు.*
— గృహిణి, రాజమహేంద్రవరం

వెటకారంగా అన్నా మంచి సలహాయే ఇచ్చాడమ్మా.

మీ సమస్య పొడుగు కాదు, వెడల్పు. చెప్పుల్లేకుండా పెరిగిన కాళ్లలో వేళ్లు విసనకర్రలా విచ్చుకుంటాయి. అది లోపం కాదు. పాదం ఉండాల్సింది అలాగే. పైగా కాన్పుల తర్వాత చాలామంది ఆడవాళ్లకు పాదం కాస్త పెరిగి, అలాగే ఉండిపోతుంది. పెళ్లినాటి చెప్పులు ఇప్పుడు పట్టకపోతే లావయ్యామనుకోనక్కర్లేదు.

బూట్ల కంపెనీలు వెడల్పును అక్షరాలతో చెబుతాయి. ఆడవాళ్ల మామూలు బూటు వెడల్పు ‘బి’, మగవాళ్లది ‘డి’. అంటే ఒకే పొడుగున్న మగవాళ్ల బూటు మీకు ఆటోమేటిక్‌గా వెడల్పైన బూటు అవుతుంది. మగవాళ్లలో ఇంకా వెడల్పు కావాలంటే ‘2ఇ’, ‘4ఇ’ అని ఉంటాయి. న్యూ బ్యాలెన్స్, ఆసిక్స్ వంటి కంపెనీలు కొన్ని మోడళ్లను ఈ వెడల్పుల్లో చేస్తాయి. మన ఊళ్ల షాపుల్లో అవి అరలో కనిపించవు, అడిగి తెప్పించుకోవాలి. అక్షరాలు పట్టుకుని అడగండి. ‘వెడల్పుది చూపించు’ అంటే ఒక సైజు పెంచి చేతిలో పెడతారు. మీకు ఇప్పటిదాకా జరిగింది అదే.

రంగు గురించి మీరు అడగలేదు గానీ, మగవాళ్ల రకాల్లో గులాబీ రంగు దొరకడం తక్కువ. చిటికెన వేలు బతుకుతుంది కదా, సర్దుకోండి. కొత్తవి వచ్చేలోగా ఉన్న బూట్లకు ఒక చిట్కా: చిటికెన వేలి పక్కనున్న రెండు మూడు రంధ్రాల దగ్గర లేసును అడ్డంగా దాటించకుండా, అదే పక్కన నిలువుగా పైకి తీసుకెళ్లండి. అక్కడ పట్టు సడలుతుంది. మడమ దగ్గర వదులుకు, పైన హైదరాబాద్ కుర్రాడికి చెప్పిన ముడే.

*ఒక షోరూములో యంత్రం మీద నిలబెట్టి, నడిపించి, రంగురంగుల బొమ్మ చూపించారు. ‘మీవి ఫ్లాట్ ఫీట్, పాదం లోపలికి వాలుతోంది, మామూలు బూట్లు వేస్తే మోకాళ్లు పోతాయి’ అని 14 వేల బూట్లు అంటగట్టారు. అవి అడుగున ఒక పక్క గట్టిగా, రాయి తగిలినట్టు ఉన్నాయి. నా పాత నాలుగు వేల బూట్లే హాయిగా ఉన్నాయి. కానీ భయం. ఏవి వాడాలి?*
— బ్యాంకు ఉద్యోగి, నెల్లూరు

పాతవి వాడండి. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ‘ఫ్లాట్ ఫీట్’ అనే మాట మన దగ్గర చాలామందిని భయపెట్టింది. సైన్యం సెలక్షన్లకు వెళ్లిన నా శిష్యులు కొందరు ఆ మాట విని ఏడుస్తూ తిరిగొచ్చారు. అందుకని చదును పాదం అంటే పెద్ద జబ్బు అనే నమ్మకం ఊళ్లలో స్థిరపడింది.

తడి కాలితో గచ్చు మీద అడుగేస్తే, కృష్ణాష్టమికి గుమ్మంలో వేసే పాదంలా నడుము సన్నగా పడితే వంపు ఉన్నట్టు, ఇటుకలా నిండుగా పడితే చదును అన్నట్టు. పాదం నేలకు తగిలాక కొద్దిగా లోపలికి వాలడం అందరికీ ఉంటుంది. దెబ్బను పీల్చుకునేది అలాగే. ఈ ముద్రను బట్టి ‘మామూలు బూటు’, ‘పాదం వాలకుండా ఆపే బూటు’ అని విడదీసి అమ్మడం దశాబ్దాలుగా సాగింది. మరి అలా అమ్మితే దెబ్బలు తగ్గుతాయా? అమెరికా సైన్యం, వైమానిక దళం, మెరైన్ల శిక్షణ శిబిరాల్లో దీన్ని పరీక్షించారు. కొందరికి పాదం వంపు చూసి తగిన బూట్లిచ్చారు. మిగతావాళ్లకు వంపుతో పని లేకుండా ఒకే రకం ఇచ్చారు. 2009, 2010లలో వచ్చిన ఫలితాల్లో రెండు గుంపుల దెబ్బలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. బాగా లోపలికి వాలే పాదాలకు ఆ గట్టి బూట్లు కొంత మేలు చేశాయని తర్వాత లక్సెంబర్గ్‌లో తేలిన మాటా నిజమే. కాబట్టి అవి పనికిరావని నేననను. కానీ ‘మోకాళ్లు పోతాయి’ అని భయపెట్టి అమ్మేంత రుజువు లేదు.

కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో బెన్నో నిగ్ అనే ఆయన పరుగు బూట్ల మీద చాలా ఏళ్లు పనిచేశారు. పరుగెత్తేవాడు తన కాలికి హాయిగా ఉన్నదాన్ని ఎంచుకుంటే, ఆ హాయే జల్లెడలా పనిచేసి పడని బూట్లను వడకట్టేస్తుందన్నది 2015లో ఆయనా, సహచరులూ చేసిన ప్రతిపాదన. అంతకుముందు, 2001లో, వాళ్ల బృందమే సైనికులకు ఆరు రకాల లోపలి అట్టలిచ్చి, హాయిగా ఉన్నది మీరే ఏరుకోండి అంది. అలా ఏరుకున్నవాళ్లకు, ఏమీ మార్చని గుంపుతో పోలిస్తే నొప్పులు, దెబ్బలు తక్కువ. విచిత్రమేమిటంటే అందరూ ఒకే అట్టను ఏరుకోలేదు. ఒకడికి మెత్తనిది, ఇంకొకడికి గట్టిది.

మీ ఉత్తరంలో ‘రాయి తగిలినట్టు’, ‘హాయిగా’ అనే రెండు మాటలూ మీరే రాశారు. యంత్రం చెప్పేదేముంది ఇంక? పధ్నాలుగు వేలు పోయాయని బాధపడుతూ వాటితో పరుగెత్తకండి. మార్కెట్‌కి వేసుకెళ్లండి. మీకు ఇప్పటికే మోకాలి నొప్పి ఉంటే మాత్రం అది షోరూముతో తేలేది కాదు, ఫిజియోథెరపిస్టుకు చూపించండి.

*కార్బన్ ప్లేట్ బూట్లు కొంటే నా టైమింగ్ తగ్గుతుందా? ప్రస్తుతం 5 కిలోమీటర్లు 33 నిమిషాలు.*
— డిగ్రీ విద్యార్థి, వరంగల్

2019 అక్టోబర్ 12న వియన్నాలో కెన్యా పరుగువీరుడు ఎలియుడ్ కిప్చోగే అలాంటి బూట్లతోనే, అంటే అడుగు నురుగు మధ్య గట్టి కార్బన్ రేకు ఉన్నవాటితో, మారథాన్ దూరాన్ని గంటా 59 నిమిషాల 40 సెకన్లలో పరుగెత్తాడు. ఆయన కాళ్లు కూడా అమ్మితే నేనే కొనేవాణ్ణి. ఆ బూట్ల నురుగు చాలా ఎత్తు. రోడ్డు పోటీల్లో అడుగు మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదని ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ నియమం పెట్టాల్సివచ్చింది. అంత ఎత్తు మెత్తటి నురుగు మీద మన గుంతల రోడ్లలో చీలమండ మడతపడటం తేలిక. పైగా మామూలు బూట్ల కంటే తొందరగా అరుగుతాయి. మూడు నెలలు వారానికి నాలుగు రోజులు పరుగెత్తు బాబూ. ఆ బూట్ల కంటే ఎక్కువే తగ్గుతుంది. మిగిలిన డబ్బుతో మంచి మామూలు బూట్లు రెండు జతలు వస్తాయి.

*మా ఊరి కాలవ గట్టు మీద వట్టి కాళ్లతో పరుగెత్తడమే నాకు ఇష్టం. బూట్లు తప్పనిసరా?*
— భీమవరం దగ్గరి రైతు

తప్పనిసరి కాదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియా సైనికుడు అబెబె బికిలా వట్టి కాళ్లతో మారథాన్ గెలిచాడు, 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో. అప్పటికి అదే ప్రపంచంలో అత్యుత్తమం. అక్కడ ఇచ్చిన బూట్లు కాలికి కుదరకపోతే, కరిచే బూటు కంటే వట్టి కాలే నయమనుకున్నాడని చెబుతారు. నాలుగేళ్ల తర్వాత టోక్యోలో బూట్లు తొడుక్కుని మళ్లీ గెలిచాడు, అప్పుడు టైము ఇంకా తగ్గింది. ఆయనకు రెండు విధాలా అలవాటే.

మీరు చిన్నప్పటి నుంచీ గట్టు మీద నడిచినవారు కాబట్టి మీ కాలు అరగదు. బూట్లకు అలవాటుపడ్డ పట్నంవాళ్లు ఇది చదివి రేపు పొద్దున్నే విప్పేసి పరుగెత్తితే పిక్కలు, మడమ వెనక నరం పట్టేస్తాయి. అది వాళ్లకు చెబుతున్న మాట. మీకు చెప్పేది తుమ్మముళ్లు, సీసా పెంకులు చూసుకోమని, ధనుర్వాతం ఇంజెక్షన్ గడువు దాటనివ్వొద్దని.

*వానలో తడిసిన బూట్లను వాషింగ్ మెషీన్‌లో వేయొచ్చా? ఎన్నాళ్లకు మార్చాలి?*
— నర్సింగ్ విద్యార్థిని, విశాఖపట్నం

మెషీన్ వద్దు తల్లీ, ఎండలోనూ వద్దు. లోపలి అట్ట తీసి, చల్లటి నీళ్లతో కడిగి, లోపల పాత పేపర్లు కుక్కి ఫ్యాను కింద పెట్టు. రెండు గంటలకు పేపర్లు మార్చు. మన విశాఖ గాలికి రాత్రి ఒక్కటే చాలదు. అందుకే రెండు జతలు మార్చి మార్చి వాడు. లక్సెంబర్గ్‌లో 264 మందిని గమనించినప్పుడు, వేర్వేరు బూట్లను మార్చి వాడినవాళ్లకు దెబ్బలు తక్కువని తేలింది కూడా. మార్చడానికి 500 నుంచి 800 కిలోమీటర్లు అని లెక్క చెబుతారు. నేను నురుగు పక్క చూస్తాను. ముడతలు పడి, బొటనవేలితో నొక్కితే గట్టిగా ఉంటే అయిపోయినట్టే, అడుగు రబ్బరు ఎంత కొత్తగా కనిపించినా సరే.

*వయసు 58. పన్నెండేళ్లుగా షుగర్. డాక్టరు వ్యాయామం చేయమంటే ఆరు నెలలుగా పరుగెడుతున్నాను, 4 కిలోమీటర్ల దాకా వచ్చాను. కొత్త బూట్లు చాలా హాయిగా ఉన్నాయి, ఎక్కడా నొప్పి లేదు. మొన్న సాక్సు విప్పితే మడమ దగ్గర బొబ్బ చితికి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియలేదు. పాదాలు కాస్త తిమ్మిరిగా ఉంటాయి. ఏ కంపెనీ బూట్లు మంచివి?*
— కర్నూలు పాఠకుడు

అయ్యా, పైన ఇంతమందికి ‘హాయిగా ఉన్నదే మీ బూటు’ అని చెప్పాను. ఆ మాట మీకు వర్తించదు. బొబ్బ చితికినా తెలియలేదంటే, బూటు కరుస్తోందో లేదో చెప్పాల్సిన నరాలే నిద్రపోతున్నాయేమో. నొప్పి లేకపోవడం మీ విషయంలో శుభవార్త కాదు. ఇలా స్పర్శ తగ్గినవాళ్లు బూటు ‘పట్టినట్టు’ తెలియడం కోసం తమకు తెలియకుండానే ఇరుకువి కొంటారు.

కంపెనీ సంగతి తర్వాత. ఇవాళో రేపో మీ డాక్టరుకు ఆ బొబ్బ చూపించండి. ఆలస్యం చేయొద్దు. పాదాల స్పర్శ పరీక్ష చేయమని అడగండి. సన్నటి నైలాన్ తీగతో అరికాలి మీద పొడిచి చూస్తారు, నొప్పి ఉండదు, రెండు నిమిషాల పని. పరుగు ఆపండి. పుండు మానేదాకా నడకైనా ఆయన సరేనంటేనే. ఇంట్లో కూడా వట్టి కాళ్లతో తిరగకుండా, ఎంసీఆర్ చెప్పులు కావాలేమో కనుక్కోండి. షుగర్ ఉన్నవాళ్ల కోసం చేసే మెత్తటి రబ్బరు చెప్పులవి.

ఆయన పరుగుకు ఒప్పుకుంటే అప్పుడు కొత్త బూట్లు. మీ కాలి మాట నమ్మకుండా కొలత నమ్మండి: అట్ట మీద నిలబడే పరీక్ష, ముందు బొటనవేలంత ఖాళీ, లోపల చెయ్యి పెట్టి తడిమితే ఎక్కడా గట్టి కుట్టు తగలకూడదు. తొడిగే ముందు ప్రతిసారీ బూటు తిరగేసి దులిపి, లోపల చేత్తో తడమండి, చిన్న గులకరాయి ఉన్నా మీకు తెలియదు కాబట్టి. సాక్సులు తెల్లవి కొనండి, రసి గానీ రక్తం గానీ అంటితే కనిపిస్తుంది. రాత్రి పడుకోబోయే ముందు నేల మీద అద్దం పెట్టి రెండు అరికాళ్లూ, వేళ్ల సందులూ చూసుకోండి. కంటిచూపు సరిగా ఆనకపోతే ఇంట్లోవాళ్లని చూడమనండి. డాక్టరు ఏమన్నారో నాకు రాయండి.